మూత పెట్టిన పొయ్యి

నా మిషన్ చప్పుడు చేయదు. తిరగదు, ఊగదు, పొగ వదలదు. అరచేతిలో పట్టే పలక ఒకటి, దానికి ఒక పక్క వేడి తగలాలి, రెండో పక్క చల్లగా ఉండాలి. ఆ రెండింటి మధ్య ఎంత తేడా ఉంటే అంత కరెంటు పుడుతుంది. అంతే సంగతి. ఈ ముక్కను తొమ్మిదేళ్లుగా కాలేజీల్లో, కలెక్టరాఫీసుల్లో, హైదరాబాద్ హోటళ్ల ఏసీ హాళ్లలో చెబుతూనే ఉన్నాను. వినేవాళ్లు తల ఊపుతారు. శాలువా కప్పుతారు. గాజు బొమ్మ ఒకటి చేతికిచ్చి ఫోటో దిగుతారు. అలాంటి బొమ్మలు నా దగ్గర పదకొండు పోగయ్యాయి. కొనేవాడు మాత్రం ఒక్కడూ రాలేదు.

నా పేరు కైనాత్. కరీంనగర్‌లో పుట్టాను, అక్కడే ఇంజినీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్పాను. ఆ కాలేజీ ల్యాబులోనే నా తోటి లెక్చరర్ వనితతో కలిసి ఈ పని మొదలుపెట్టాను. కంపెనీ పెడదామన్నది వనితే. మూడేళ్ల కిందట హైదరాబాద్‌లో ఉద్యోగం చూసుకుని వెళ్లిపోయిందీ వనితే. ఆమెను తప్పు పట్టను. నాలా నలభై రెండేళ్లొచ్చినా వేడి పలకలు పట్టుకుని తిరిగే మొండితనం అందరికీ ఉండదు, ఉండాల్సిన పనీ లేదు.

ఆ తర్వాత లక్సెట్టిపేటకు మారాను. మా మామూకు, అంటే అమ్మ తమ్ముడికి, అక్కడ మూతపడ్డ రైస్ మిల్లు ఉంది. అందులో ఒక గది నాకిచ్చాడు. ఒక మూల మంచం, ఇంకో మూల పనిబల్ల, మధ్యలో నేను. పొద్దున లేచి పలకలు అతికించడం, వేడి పెట్టడం, మీటరు చూడడం, రాసుకోవడం. కొన్ని రోజులు సాయంత్రం పాల ప్యాకెట్ కొనడానికి షాపుకు వెళ్లి నోరు తెరిస్తే గొంతు పెగిలేది కాదు. పొద్దుటి నుంచి ఒక్క మాటా మాట్లాడలేదని అప్పుడు గుర్తొచ్చేది.

ఆదివారం మాత్రం మాట్లాడేదాన్ని. ఆదివారం మందమర్రిలో సరోజనక్క హోటల్‌కు వెళ్లే రోజు.

హోటల్ అంటే ఏదో ఊహించుకోకండి. నాలుగు రేకులు, రెండు బల్లలు, మట్టితో ఇనుముతో కట్టిన పెద్ద బొగ్గు పొయ్యి ఒకటి. రోడ్డు మలుపు తిరిగితే బొగ్గు గని గేటు. గనిని అక్కడ అందరూ బాయి అంటారు. సరోజనక్క భర్త మొగిలి ఆ బాయిలోనే పనిచేసి, ఊపిరితిత్తులు పాడై చనిపోయాడు. పిల్లలు లేరు. యాభై ఆరేళ్ల మనిషి, తెల్లవారుజామున నాలుగింటికి పొయ్యి ముట్టిస్తే రాత్రి ఎనిమిదింటికి గాని ఆర్పదు. షిఫ్టు దిగేవాళ్లు, షిఫ్టు ఎక్కేవాళ్లు, అందరికీ ఆమె చాయే. నా మిషన్ పరీక్షకు అంతకంటే మంచి పొయ్యి జిల్లాలో దొరకదనిపించింది.

పోయిన చలికాలంలో పొయ్యి పక్క గోడకు మిషన్ బిగించాను. దాని కరెంటుతో ఒక బల్బు, చిన్న ఫ్యాను, రెండు ఫోన్లకు చార్జింగ్. దాంట్లోనే ఒక మీటరు, వారం మొత్తంలో ఎంత కరెంటు పుట్టిందో లెక్కగట్టి పెడుతుంది. ఆదివారం ఆదివారం వెళ్లి ఆ అంకె రాసుకోవాలి. ఇలా ఒక ఏడాది.

"ఏడాది దాకా పొయ్యి ఒక్క రోజు గూడ ఆర్పద్దక్కా," అన్నాను బోల్టులు బిగిస్తూ. "పొద్దంత మండాలె. ఒక్క రోజు తప్పినా లెక్క మల్ల మొదటికొస్తది."

"ఆర్పుడెందుకు బిడ్డా? బాయి నడిచినన్ని రోజులు నా పొయ్యి నడుస్తది," అన్నది సరోజనక్క.

అలా మొదలైంది. వెళ్లగానే ఆమె మొదటి ప్రశ్న "తిన్నవా?" అని. తిన్నానన్నా నమ్మేది కాదు. సర్వపిండి ముక్క ప్లేటులో పడేది. రంజాన్ నెలలో మాత్రం నా గ్లాసు బోర్లించి పెట్టి, వెళ్లేటప్పుడు కాగితంలో చుట్టిన పొట్లం చేతికిచ్చి "పొద్దుగూకినంక తిను" అనేది. నేను మీటరు చూసుకునేలోపు ఆమె వారం సంగతులన్నీ చెప్పేది. నేనూ చెప్పేదాన్ని, పలక పగిలిందనీ, కరెంటోళ్లు బిల్లు ఎక్కువ వేశారనీ. ఆమెకు సగం అర్థమయ్యేది కాదు. అయినా "అట్లనా, మల్లేం జేసినవ్?" అని అడిగేది. ఆ ఒక్క ప్రశ్న కోసం నేను రెండు బస్సులు మారి వెళ్లేదాన్నని ఇప్పుడు ఒప్పుకుంటాను.

మీటరు అంకె పక్కన ఇంకో గడి ఉండేది నా పుస్తకంలో. రోజుకు ఎన్ని చాయ్‌లు? పొయ్యి మీద ఎంత పని జరుగుతోందో తెలియకపోతే కరెంటు లెక్కకు అర్థం లేదు కదా.

"ఎన్నక్కా చాయ్‌లు?"

"ఎప్పటిలెక్కనే బిడ్డా."

ఎప్పటిలెక్కనే అంటే మూడు వందలు. నేను మూడు వందలు అని రాసేదాన్ని. ఆదివారం అంగడి, అంటే సంత రోజు, హోటల్ ముందు జనం కిటకిటలాడుతుండేవాళ్లు. అనుమానించడానికి ఏముంది?

వానాకాలంలో మిషన్‌కు ఒక మార్పు చేశాను. పలకకూ పొయ్యి గోడకూ మధ్య వేడి బాగా పాకడానికి ఒక లేపనం పూస్తాం. బజారులో దొరికేది పనికిమాలింది. ఆరు నెలలు తంటాలుపడి నా లేపనం నేనే తయారుచేసుకున్నాను. అది పూసిన మూడో వారం నుంచి అంకె పెరగడం మొదలుపెట్టింది. పెరిగి పెరిగి ముందుకంటే మూడో వంతు ఎక్కువ దగ్గర నిలబడింది. వారం తర్వాత వారం, అదే. తగ్గనే లేదు.

ఆ రోజు ఎగిరి గంతేశాను. నిజంగానే. ఖాళీ రైస్ మిల్లులో ఒక ఆడమనిషి గంతులేస్తే చూసేవాళ్లెవరు? వనితకు మెసేజ్ పెట్టాను. చప్పట్ల బొమ్మలు మూడు పంపింది. తర్వాతి ఆదివారం సరోజనక్కకు చెప్పాను.

"అక్కా, మిషన్‌కు బలమొచ్చింది. నా లేపనం పనిజేస్తుంది."

"మంచిదే బిడ్డా," అని పొయ్యి వైపు తిరిగిపోయింది. మల్లేం జేసినవ్ అని అడగలేదు. అంగడి జనం ఉన్నారు కదా, తీరిక లేదేమో అనుకున్నాను.

పుణేలో పొయ్యిలు తయారుచేసే ఒక కంపెనీ నా లెక్కలు చూసింది. నెల రోజులు ఫోన్ల మీద ఫోన్లు. చివరికి వాళ్ల ఇంజినీరు తేల్చి చెప్పాడు. ఇలాంటి పలకలు మాకూ తెలుసు మేడమ్, మాకు కావలసింది మీ లేపనం. మిషన్ కూడా తీసుకుంటాం, మీ పేరే పెడతాం, ఏడాదికి ఇరవై వేల పొయ్యిలు. కాగితాలు కూడా పంపారు. రెండుసార్లు చదివాను. ఒక్క షరతు మిగిలింది. ఇలాంటి పలకలు కాలం గడిచేకొద్దీ నీరసపడతాయి గాని బలపడవు. మీది ఎందుకు బలపడిందో రాసివ్వాలి. మామూలు పనిదినం ఒకటి ఎంచుకుని, రోజంతా పొయ్యి దగ్గర కూర్చుని గంట గంటకూ అంకె రాసి పంపాలి.

ఓ దానికేం భాగ్యం అన్నాను. మంగళవారం మొదటి బస్సెక్కాను. సరోజనక్కకు చెప్పలేదు. ఉన్నట్టుండి వెళ్లి ఆశ్చర్యపరుద్దామనుకున్నాను.

ఏడున్నరకు మలుపు దగ్గర దిగాను. షిఫ్టు వేళ. రోడ్డు మీద ఒక్క సైకిల్ లేదు. పది అడుగులు ముందుకేసి చూస్తే గని గేటుకు గొలుసు, గొలుసుకు తాళం. తాళం తుప్పు పట్టి ఉంది. గేటు ముందు కుర్చీలో వాచ్‌మన్ రాజేశం ఒక్కడే మఫ్లర్ చుట్టుకుని కూర్చున్నాడు.

హోటల్‌లో బల్లలు ఖాళీ. గ్లాసులన్నీ కడిగి బోర్లించి ఉన్నాయి. కెటిల్ నేల మీద ఉంది, ముట్టుకుంటే చల్లగా తగిలింది. పొయ్యి మాత్రం మండుతోంది. దాని నోటి మీద మందపాటి ఇనుప రేకు మూత. పట్టపగలు నా బల్బు దేదీప్యమానంగా వెలుగుతోంది, నా ఫ్యాను ఎవరూ లేని బల్ల మీదికి గాలి విసురుతోంది. పొయ్యి పక్కన పీట మీద కూర్చుని సరోజనక్క గోడకేసి చూస్తోంది.

నన్ను చూసి గబుక్కున లేచింది. "ఇయ్యాల ఆదివారం గాదు గద?" అన్నది ముందు. తర్వాత "తిన్నవా?" అన్నది.

"ఏందక్కా ఇది? జనమేరి?"

సరోజనక్క చీర కొంగుతో గ్లాసు తుడవడం మొదలుపెట్టింది, తుడిచిన గ్లాసే. నా వెనకే హోటల్‌లోకి వచ్చిన రాజేశం అన్నాడు: "జనమేడున్నరమ్మా? వానకాలంల బాయి బంద్‌వెట్టిన్రు. అందర్ని వేరే బాయిలకు బదిలి జేసిన్రు. గిప్పుడు గీడ రోజుకు రెండే చాయ్‌లు. ఒకటి నాది, ఒకటి ఆమెది. ఆదివారం అంగడికి జర మంది వస్తరు, గంతే."

వానాకాలం. నేను లేపనం పూసిన రోజులు. నాకు అక్కడికక్కడే అర్థమైంది, అయినా ఒప్పుకోవడానికి మనసు రాలేదు. చాయ్ కాచే పొయ్యి మీద ఎప్పుడూ కెటిల్ గానీ గిన్నె గానీ ఉంటుంది. చల్లటి నీళ్లూ పాలూ పోస్తూనే ఉంటారు. వేడంతా అవే తాగేస్తాయి, పక్క గోడకు మిగిలేది కొంచెం. ఆ కొంచెంతోనే నా మిషన్ బతకాలి. నోటి మీద మూత పెట్టి, పైన ఏమీ కాచకపోతే, వేడి మొత్తం పక్కకే తంతుంది. అంకె పెరగక ఏం చేస్తుంది?

"చాయ్‌లెన్నని ప్రతి ఆదివారం అడిగితిని గద!" అరిచాను. నా గొంతు అంత గట్టిగా వినడం నాకే కొత్త. "ఎప్పటిలెక్కనే, ఎప్పటిలెక్కనే అంటివి! నిజం జెప్తె ఏం బోయె నీకు?"

"తక్కువైనయంటె మిషన్ ఇప్పుకొని పోతవనుకున్న."

"పోయేదాన్నే! ఇంకో హోటల్ల పెట్టుకునేదాన్ని! నా తొమ్మిదేండ్ల కష్టం గంగల కలిపినవక్కా!"

సరోజనక్క గ్లాసు కింద పెట్టింది. "నువ్వే గద బిడ్డా పొయ్యి ఆర్పద్దంటివి," అన్నది మెల్లగా. "ఒక్క రోజు గూడ ఆర్పలే. జెరమొచ్చిన నాడు గూడ లేసి ముట్టిచ్చిన. మూత వెడితె బొగ్గు జరసేపు ఎక్కువ ఆగుతదని వెట్టిన. అది తప్పని నాకేమెర్క?"

నేను పొయ్యి మూత వైపు చూశాను. ఆమే మళ్లీ అన్నది.

"వారమంత గిట్లనే గూసుంట. ఆదివారం నువ్వొస్తె ఏం ముచ్చట చెప్పాల్నో ఎంచుకుంట గూసుంట. మనుషులు లేనంక ముచ్చట్లేడికెల్లి వస్తయి? కొన్ని నేనే కల్పించిన."

బల్ల మీద కూలబడ్డాను. ఆమె చెప్పిన సంగతులన్నీ గుర్తొచ్చాయి. షిఫ్టులో ఇద్దరు కొట్టుకోవడం, ఎవరికో కవలలు పుట్టి అందరికీ మిఠాయి పంచడం. నేను నవ్వుతూ విన్నవి. ఐదు నెలలుగా వారం వారం ఇక్కడికొచ్చి, మీటరు చూసిన కళ్లతో ఒక్కసారి ఈ మనిషి ముఖం చూడలేదు. మలుపు తిరిగి పది అడుగులు వేస్తే గేటు తాళం కనిపించేది. వేయలేదు. అంకె పెరుగుతోంది కదా, నాకు అది చాలు. సిగ్గేసింది. ఆ సిగ్గుకు కోపం కూడా చల్లారింది.

వచ్చిన పని చేశాను. మూత ఉన్నప్పుడు పద్నాలుగు వాట్లు. మూత తీయించి, కెటిల్ నిండా నీళ్లు పోసి పొయ్యి మీద పెట్టాను. గంట గడిచాక పదకొండు. మళ్లీ చల్లటి నీళ్లు పోశాను. పది. మధ్యాహ్నానికి పదిన్నర దగ్గర ఆగింది. లేపనం పూయకముందు నాటి సగటు అది. నా లేపనం ఏమీ చేయలేదు. పుణేవాళ్లు కొనబోతున్నది సరోజనక్క ఖాళీ పొయ్యిని.

సరోజనక్క నా ముఖం చూస్తూనే ఉంది. ఎప్పుడు లేచిందో, కెటిల్ దించి మూత మళ్లీ పెట్టేసింది.

"మూత వెడితెనే మంచిగొస్తుంది గద బిడ్డా? పెట్టే రాస్కో. నేనెవ్వలకు జెప్ప. రాజేశమన్న గూడ జెప్పడు."

గుమ్మం దగ్గర నిలబడ్డ రాజేశం తల అడ్డంగా ఊపాడు, చెప్పనని.

చీకటి పడేదాకా అక్కడే కూర్చున్నాను. మూత పెట్టిన అంకెలు మాత్రమే పంపితే సరిపోతుంది. ఇరవై వేల పొయ్యిలు, నా పేరు, పుణేలో ఒక ల్యాబు, చుట్టూ మాట్లాడే మనుషులు. నేను అంత గొప్పదాన్నేం కాదు, చాలాసేపు ఆశపడ్డాను. కానీ ఎక్కడో ఒక ఇంట్లో ఎవరో ఆడమనిషి నా మిషన్ ఉన్న పొయ్యి కొనుక్కుని, దాని మీద అన్నం గిన్నె పెడుతుంది. చెప్పినంత వెలుగు రాదు. వట్టి మోసపు సామాను అని పక్కింటామెతో అంటుంది. నన్ను తిడితే పడతాను, అలవాటే. నా మిషన్‌ను తిడితే మాత్రం పడలేను. రెండు రకాల అంకెలూ రాశాను. చాయ్‌లు అన్న గడిలో రెండు అని రాశాను.

మర్నాడు పుణే ఇంజినీరుకు ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాను. పెద్దమనిషి, మధ్యలో ఒక్క మాట అడ్డం రాలేదు. మీ నిజాయితీకి చాలా థాంక్స్ మేడమ్ అన్నాడు. లేపనం లేకపోతే మా వాళ్లు ఒప్పుకోరు, ముందు ముందు చూద్దాం అన్నాడు. ముందు ముందు అంటే ఏమిటో నాకు తొమ్మిదేళ్ల అనుభవం. ఫోన్ పెట్టేసి, పనిబల్ల మీద తల వాల్చి ఏడ్చాను. మిల్లులో ఎవరూ లేరు కాబట్టి గట్టిగానే ఏడ్చాను.

మిషన్ విప్పి తెచ్చుకోవాలి. ఆదివారం వెళ్లాను. అంగడి జనం ఉన్నారు. నేను బస్సు దిగడం చూసి, చాయ్ పోస్తున్న సరోజనక్క కెటిల్ అక్కడే వదిలేసి రోడ్డు మీదికి ఎదురొచ్చింది. కళ్లు గుంటలు పడి ఉన్నాయి, మంగళవారం నుంచి నిద్రపోయినట్టు లేదు.

"ఏమాయె బిడ్డా? నా మూలంగ పోయిందా?"

నిజం చెప్పడానికే వెళ్లాను. నోటి దాకా వచ్చింది కూడా. ఆమె నా చెయ్యి పట్టుకుని ఉంది, ఆ చెయ్యి బొగ్గు మసితో నల్లగా ఉంది. ఐదు నెలలు, జ్వరమొచ్చిన నాడు కూడా, తెల్లవారుజామున నాలుగింటికి లేచి ఎవరూ తాగని చాయ్ కోసం రాజేసిన చెయ్యి.

"పాసయిందక్కా," అన్నాను.

"నిజంగ?"

"నిజంగ. నీ పొయ్యి మీదనే పాసయింది. పుణేల కంపెనోళ్లు కొంటున్నరు."

ఆ ముఖాన్ని నేను మరిచిపోలేను. జనం మధ్యలోకి పరుగెత్తి అందరికీ చెప్పింది. "మా కైనాత్ మిషన్ పాసయింది! గీ పొయ్యి మీదనే!" అని. ఆ రోజు ఎవరి దగ్గరా చాయ్‌కు పైసలు తీసుకోలేదు. రాజేశాన్ని పిలిచి రెండు గ్లాసులు తాగించింది. పొయ్యికి పసుపు రాసి బొట్టు పెట్టింది. నేను బోల్టులు విప్పుతుంటే పక్కన కూర్చుని స్పానర్ అందించింది.

సాయంత్రం అంగడి ఖాళీ అయ్యాక అడిగింది: "ఇగ పొయ్యి ఆర్పచ్చా బిడ్డా?"

"ఆర్పచ్చక్కా."

పట్టకారుతో నిప్పులు ఒక్కొక్కటీ బయటికి లాగి నీళ్లు చల్లింది. తీరిగ్గా, ముచ్చటపడుతూ చేసింది ఆ పని. "ఇగ రేపటి సంది నాలుగింటికి లేసే పని లేదు," అని నవ్వింది. నవ్వాక కాసేపు చేతులు ఒళ్లో పెట్టుకుని ఊరికే కూర్చుంది. నేను బయల్దేరుతుంటే సర్వపిండి పొట్లం ఇచ్చి అన్నది: "గొప్పదానివైతివి. పుణే పోతవు గద. నా కోసమని తిప్పలువడి రాకు. ఫోన్ల మంచి ముచ్చట్లు జెప్పు, నేను వింట."

సరేనన్నాను.

లక్సెట్టిపేట బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. మిషన్ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. మంచిర్యాల దాటేదాకా ఏమీ తోచలేదు. తర్వాత మెల్లగా తెలిసొచ్చింది. ఓడిపోయానని చెప్పుకోవడానికి ఈ లోకంలో నాకున్నది ఒకే ఒక్క మనిషి. ఆ మనిషికే గెలిచానని చెప్పి వచ్చాను. ఇక ఎప్పుడు ఫోన్ చేసినా ఆమె పుణే ముచ్చట్లు అడుగుతుంది, నేను కల్పించి చెప్పాలి. బస్సులో జనం బాగానే ఉన్నారు. నా పక్క సీటు మాత్రం లక్సెట్టిపేట దాకా ఖాళీగానే ఉంది.